తెనాలి రామకృష్ణ కవి: నవ్వుల చాటున ఒక జీవితము

తెలుగు నేలపై తెనాలి రామలింగని పేరు వినని వారుండరు. అక్షరము ముక్క రానివారు సైతము అతని కథ ఒకటైనా చెప్పగలరు. గత సంవత్సరము నేను డిగ్రీ తరగతిలో పాండురంగ మాహాత్మ్యములోని నిగమశర్మోపాఖ్యానమును ప్రారంభిస్తూ, అలవాటు ప్రకారము ముందుగా కవి పేరును నల్లబల్లపై వ్రాసినాను. తరగతి అంతా ఫక్కున నవ్వినది. వెనుక బల్లనుండి ఒక విద్యార్థి పిల్లి కథ చెప్పమన్నాడు, మరొకడు గుఱ్ఱము కథ కావాలన్నాడు. ఇంటివద్ద ఉర్దూ తప్ప మరొక భాష మాట్లాడని పిల్లలు కూడ ఆ నవ్వులో పాలుపంచుకొన్నారు. అప్పటికి నేనింకా ఒక్క పద్యమైనా చదువలేదు.

అల్లసాని పెద్దన పేరు వ్రాసినప్పుడు ఎవరూ నవ్వలేదు. ధూర్జటి పేరు వ్రాసినప్పుడు పిల్లలు గంభీరముగానే కూర్చున్నారు. పేరు వినగానే నవ్వు పుట్టించే మహాకవి మనకు ఇతడొక్కడే. ఆ నవ్వు అతనికి లభించిన గౌరవమా, లేక అతనికి జరిగిన అన్యాయమా అనే ప్రశ్న ఆనాటినుండి నన్ను వదలలేదు. కనుక ఈ సంచికలో ఆ కవి జీవితమును, ఆ జీవితముపై తరతరాలుగా పేరుకొన్న కథలను వేరుచేసి చూడవలెనని పూనుకొన్నాను. రెండింటిని పూర్తిగా విడదీయడము ఎవరి వల్లనూ అయ్యే పని కాదని ముందే విన్నవించుకొంటున్నాను.

అతని ఇంటిపేరు గార్లపాటి. తండ్రి రామయ్య, తల్లి లక్ష్మమ్మ. తండ్రి చిన్ననాడే గతించగా మేనమామ ఇంట తెనాలిలో పెరిగినాడని పరంపరగా చెప్పుకొంటారు. ఆ ఊరిపేరే చివరకు ఇంటిపేరును మింగివేసినది. మన బీచుపల్లి వద్ద రాళ్ళమధ్య ఒదిగి పారే కృష్ణమ్మయే అక్కడికి చేరేసరికి డెల్టాగా విప్పారి వరిచేలకు నీరిస్తుంది. తెనాలి ఆ నదికి పడమటి వైపు డెల్టాలోని ఊరు. కాబట్టి గద్వాల పిల్లలకు తెనాలి పరాయి ఊరు కాదు, ఒకే నీటికి దిగువన ఉన్న ఊరు.

అతనికి పేర్లు రెండు. శైవ కావ్యమైన ఉద్భటారాధ్య చరిత్రమును రచించిననాడు అతడు రామలింగ కవి. వైష్ణవ కావ్యమైన పాండురంగ మాహాత్మ్యమును రచించేనాటికి రామకృష్ణ కవి. మతము మారినందున పేరు మారినదని అనేకులు భావించినారు. రామలింగడు వేరు, రామకృష్ణుడు వేరు అని వాదించిన పండితులు కూడ లేకపోలేదు. ఒక మనిషి ఒక జీవితకాలములో శివుని గూర్చి ఒక కావ్యము, విష్ణువు గూర్చి మరొక కావ్యము వ్రాయడములో నాకు వింత ఏమీ కనిపించదు. ఆ కాలము అట్టిది. కొలువులు, గురువులు, పోషకులు మారేవారు, వారితోపాటు కావ్యవస్తువులు కూడ మారేవి. మూడవ గ్రంథమైన ఘటికాచల మాహాత్మ్యము తమిళదేశములోని షోళింగర్ నరసింహక్షేత్రమును గూర్చినది. ఈ మూడే నేడు అతని పేరిట నిలిచిన గ్రంథములు.

ఈ గ్రంథములు ఎవరికి అంకితమైనవో గమనించినప్పుడు కథలలోని రామలింగనికి, కావ్యములలోని రామకృష్ణునికి నడుమనున్న ఎడము తెలిసివస్తుంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని జయించిన తరువాత అక్కడ అధికారము నెరపినవాడు తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి. ఆ గోపమంత్రి క్రింద ఉద్యోగియైన ఊరదేచయ మంత్రికి ఉద్భటారాధ్య చరిత్రము అంకితమైనది. పాండురంగ మాహాత్మ్యమునకు కృతిపతి విరూరి వేదాద్రి. అతడు ఒక ప్రభువు కొలువులో వ్రాయసకాడు, అనగా లేఖలు, లెక్కలు వ్రాసే ఉద్యోగి. చక్రవర్తి భుజముమీద చేయివేసి పరిహాసమాడినట్లు లోకము చెప్పుకొనే కవి, తన కావ్యమును ఒక వ్రాయసకానికి అంకితమిచ్చినాడు. రాయలకు మాత్రము ఒక్క గ్రంథమూ ఇవ్వలేదు.

అయితే అతడు రాయల సభలో ఉండెనా? అష్టదిగ్గజములలో అతనిని ఎనిమిదవ వానిగా లెక్కించడము మనకు బాల్యమునుండి అలవాటు. కాని ఆ పట్టికలోని వారందరు ఒకే కాలమువారు కారని పరిశోధకులు ఎప్పుడో తేల్చినారు. రాయలు రాజ్యము చేసినది 1509 నుండి 1529 వరకు. రామరాజభూషణుడు తన వసుచరిత్రను అంకితమిచ్చినది 1565 నాటి రాక్షసితంగడి యుద్ధమునకు పిమ్మట రాజ్యమేలిన తిరుమల రాయలకు. పింగళి సూరన కళాపూర్ణోదయమును పుచ్చుకొన్నవాడు నంద్యాల కృష్ణమరాజు. రామకృష్ణుని తొలి కావ్యము రాయల కాలపు కొండవీటి నీడలో పుట్టినదే గాని, పాండురంగ మాహాత్మ్యము రాయల తరువాతిదని ఎక్కువమంది అభిప్రాయము. అనగా ఈ కవి విజయనగరపు మధ్యాహ్నమును చూచి, సాయంకాలములో తన గొప్ప గ్రంథమును వ్రాసినాడు. రాయల ఎడమప్రక్క అతనికి ఆసనము వేసినది చరిత్ర కాదు, జనము. ఆ జనము ఇచ్చిన ఆసనమును ఇక ఎవరూ తీసివేయలేరు.

ఇప్పుడు జనము చెప్పిన జీవితమును చూతము. అది అమ్మవారి గుడిలో ప్రారంభమవుతుంది. ఒక సాధువు ఉపదేశించిన మంత్రమును కుఱ్ఱవాడు జపించగా వేయి ముఖములతో కాళి ప్రత్యక్షమైనది. ఆమెను చూచి వాడు భయపడడానికి మారుగా విరగబడి నవ్వినాడు. ఒక్క ముక్కుకు పడిశము పట్టితేనే రెండు చేతులు చాలక మనుషులు అవస్థపడుతుండగా, వేయి ముక్కులు గల తల్లి సంగతి ఏమగునో అని వానికి తోచినది. ఆమె రెండు గిన్నెలు చూపి, ఒకటి విద్య, రెండవది ఐశ్వర్యము, ఏదో ఒకటి త్రాగుమన్నది. వాడు రెండింటిని కలిపి త్రాగినాడు. వికటకవివి కమ్మని ఆమె శపించినదో, వరమిచ్చినదో తేల్చి చెప్పడము కష్టము. ఎటునుండి చదివినా ఒకే తీరుగా ఉండే ఆ మాటను బిరుదుగా అతనికి అంటించిన అజ్ఞాత వ్యక్తి కూడ సామాన్యుడు కాదు.

పిమ్మట విజయనగర ప్రవేశము, రాజగురువు తాతాచార్యులతో వైరము, పండితులతో పరిహాసము. దొంగలు పెరటిలో పొంచియున్నారని తెలిసి, నగలమూటను బావిలో వేసినట్లు నటించి, తెల్లవార్లు వారిచేత నీళ్ళు తోడించి మొక్కలు తడిపించుకొన్న కథ మీ అందరికి తెలిసినదే. రాజమాత మామిడిపండు కోరిక తీరక మరణించినందుకు రాయలు బంగారు మామిడిపండ్లు దానము చేయగా, తన తల్లి వాతరోగమునకు వాత కోరి మరణించినదని చెప్పి దానము పుచ్చుకొన్నవారికి ఇతడు కాల్చిన కడ్డీతో వాతలు పెట్టిన కథను పెద్దలు కొంత గొంతు తగ్గించి చెబుతారు. అందులో ఎకసక్కెము కొంత ఎక్కువ మోతాదు.

మన ప్రాంతములో మిక్కిలి రుచించిన కథ మాత్రము తిలకాష్ఠ మహిషబంధనము. ఒక మహాపండితుడు దేశదేశముల విద్వాంసులను ఓడించి విజయనగరము వచ్చినాడు. రామలింగడు పట్టుబట్టలో చుట్టిన ఒక లావుపాటి కట్టను చంకనబెట్టి సభకు వచ్చి, ఆ గంభీరమైన సంస్కృత నామమును ఉచ్చరించి, ఆ గ్రంథముపై వాదము చేయుదమన్నాడు. అట్టి గ్రంథమును తాను విననైనా లేదని ఒప్పుకొనలేక పండితుడు మరునాటికి గడువు కోరి, ఆ రాత్రికి రాత్రే పరారైనాడు. విప్పి చూడగా అందులో ఉన్నవి నువ్వుల కట్టెలు, వాటిని చుట్టి కట్టినది గేదెను కట్టే పలుపు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు పండిత సత్కారములకు పేరుపొందినవి. విద్వద్గద్వాల అని బిరుదు ఊరికే రాలేదు. శాలువలకై, వార్షికములకై దూరప్రాంతముల నుండి పండితులు బండ్లుకట్టుకొని వచ్చి, సభలో ఒకరినొకరు పరీక్షించుకొన్న నేల ఇది. ఎందరి చంకలో వేదములున్నవో, ఎందరి చంకలో నువ్వుల కట్టెలున్నవో సభ చివర నిలబడి చూచిన సామాన్యునికి ఎరుకే. ఆ కథ ఇక్కడ నిలిచిపోవడములో వింత లేదు. (ఈ రోజులలో కొన్ని సదస్సులకు పోయివచ్చినప్పుడు కూడ నాకా కథ జ్ఞాపకము వస్తుందని మాత్రము చెప్పి ఊరకుంటాను.)

పిల్లి కథను నేను మొదట విన్నది తెలుగులో కాదు. మా దాదీ దానిని దక్కనీ ఉర్దూలో చెప్పేది. ఆమెకు తెలుగు చదువను రాదు, ఉర్దూ చదువను రాదు. వేసవి రాత్రులు నడిగడ్డ పల్లెలో మంచాలు వాకిట వేసుకొని పడుకొన్నప్పుడు ఆమె నోట ముల్లా నసీరుద్దీన్, తెనాలి రామన్ ఇద్దరూ ఒకే ఊరివారివలె వచ్చేవారు. రామన్ పిల్లికి మొదటినాడే మరగకాచిన పాలు పోయగా మూతి కాలి, అది మరల పాలగిన్నెను చూస్తేనే పారిపోయేది. రాజుగారిచ్చిన ఆవు పాలన్నీ రామన్ ఇంటివారే త్రాగేవారు. ముల్లాగారి పిల్లి మరొక తీరుది. ముల్లా తెచ్చిన మాంసమును భార్య వండి చుట్టములకు పెట్టి, పిల్లి తిన్నదని చెప్పినది. ముల్లా పిల్లిని తక్కెడలో తూచినాడు. అది మాంసమెంత బరువో అంతే తూగినది. ఇది పిల్లి అయితే మాంసమెక్కడ, మాంసమైతే పిల్లి ఎక్కడ అని ఆయన సందేహము. రెండు పిల్లుల కథలు ఒకదాని వెంట ఒకటి వినుచుండగా, వాటిలో ఒకటి తుర్కీదేశపుదని, రెండవది తెనాలిదని నాకెవ్వరు చెప్పలేదు. ఎం.ఏ. చదివేనాటికి గాని అవి వేరు వేరు గ్రంథాలయపు బీరువాలలో ఉంటాయని తెలియలేదు.

ముల్లా నసీరుద్దీన్ పదమూడవ శతాబ్దిలో అనతోలియా ప్రాంతమున జీవించినాడని ప్రతీతి. తుర్కియేలోని అక్షెహిర్ పట్టణములో ఆయన సమాధి ఉన్నది. దానికి ఒకవైపు పెద్ద తాళము వేసిన తలుపు, తక్కిన దిక్కుల గోడలే లేవు. సమాధిపై హిజ్రీ సంవత్సరము 386 అని ఉన్నది. ఆయన పనులన్నీ తలక్రిందులే కనుక దానిని త్రిప్పి 683 అని చదువుకోవలెనని అక్కడివారు చెబుతారు. 2022లో యునెస్కో సంస్థ ఆయన కథలు చెప్పే సంప్రదాయమును మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది. అందుకు కలిసి దరఖాస్తు పెట్టినవి ఏడు దేశములు. మా దాదీ వాకిలి ఆ పట్టికలో లేదు.

కథలు మనుషులకన్న దూరము పోతాయి. ఢిల్లీ పాదుషా రామలింగని పరీక్షింపగోరి, అతడు ఏమి చెప్పినా నవ్వరాదని తన సభవారిని కట్టడి చేసినాడని ఒక కథ. ఎన్ని చమత్కారములాడినా ఎవరూ నవ్వకపోగా, రామలింగడు ముసలి తోటమాలి వేషము వేసి పాదుషా షికారు పోవు దారిలో మామిడి మొక్క నాటుచు కూర్చున్నాడు. ఇది కాచేవరకు నీవు బ్రతుకుదువా అని పాదుషా అడుగగా, తాను తిన్న పండ్లు తన పెద్దలు నాటిన చెట్లవని, తాను నాటినది పిల్లలు తింటారని జవాబు చెప్పినాడు. పాదుషా మెచ్చి సంచి నిండ నాణెములిచ్చినాడు. చెట్టు నాటిన నాడే ఫలమిచ్చినదే అని ముసలివాడు సంతోషింపగా రెండవ సంచి దొరికినది. ఏటికొకసారి కాయవలసినది ఒక్కనాడే రెండు కాపులు కాచినదనగా మూడవది కూడ దొరికినది. ఇంకొంతసేపు నిలిచినచో ఖజానా ఖాళీ కాగలదని పాదుషా గుఱ్ఱమును అదలించినాడు.

ఈ కథ తెలుగు పిల్లలందరికి తెలుసు. కాని పదకొండవ శతాబ్దిలో నిజాముల్ ముల్క్ పారసీ భాషలో రచించిన సియాసత్ నామాలో ఇదే కథ ఉన్నది. అక్కడ రాజు నౌషీర్వాన్, చెట్టు నాటేవాడు పేరులేని ఒక ముసలివాడు. అయిదువందల ఏండ్ల తరువాత, ఎన్ని బిడారులు దాటి వచ్చినదో, ఆ ముసలివాని వేషము మన రామలింగనికి దొరికినది. ఇటు చూస్తే 1520లో ఇదే కృష్ణా తుంగభద్రల నడుమ రాయచూరు కోటకై రాయలకు, బీజాపూరు ఆదిల్షాకు ఘోరయుద్ధము జరిగినది. అంతకు వంద సంవత్సరములకు పూర్వము మన వనపర్తి సీమలోని పానగల్లు కోటకై బహమనీ సుల్తానులు, విజయనగరమువారు పోరాడినారు. సైన్యములు నదిని దాటడానికి నెలల తరబడి కాచుకొని ఉన్న చోట, కథ ఎవరి అనుమతి అడుగకుండ దాటిపోయినది.

అక్బరు సభలోని బీర్బల్ విషయము కూడ ఇక్కడ స్మరింపదగినది. అతని అసలు పేరు మహేశదాసు. అతడూ కవియే, కవిరాయ్ అను బిరుదు పొందినవాడే. 1586లో వాయవ్య సరిహద్దు కొండలలో యూసుఫ్‌జాయీలతో జరిగిన యుద్ధములో సేనానిగా మరణించినాడు. అతని కవిత్వమును నేడు చదివేవారు అరుదు, యుద్ధమున మడిసిన సంగతి తెలిసినవారు కూడ తక్కువే. మిగిలినది చమత్కారము మాత్రమే. రామకృష్ణునికి పట్టిన గతియే అతనికి కూడ పట్టినది.

అయితే ముల్లాకు, రామలింగనికి ఒక భేదము ఉన్నది. ముల్లా కథలో చాలమట్టుకు నవ్వు ముల్లా మీదనే వచ్చి పడుతుంది. గాడిదపై వెనుకకు తిరిగి కూర్చున్నవాడు ఆయనే. రామలింగని కథలో నవ్వు ఎదుటివాని మీద పడుతుంది. ఎదుటివాడు రాజగురువో, అహంకారియైన పండితుడో, చక్రవర్తియో అయినప్పుడు వినేవానికి కడుపు చల్లనవుతుంది. అధికారము ముందు నోరు విప్పలేని పేదవాడు ఈ కథలు చెప్పుకొని తన కసి తీర్చుకొన్నాడని తలుస్తాను. 1900లో పండిత నటేశశాస్త్రి మద్రాసులో ఈ కథలను ఆంగ్లములో ప్రచురించినప్పుడు గాని, 1956లో బి.ఎస్. రంగా చిత్రములో అక్కినేని నాగేశ్వరరావు రామకృష్ణునిగా, ఎన్.టి. రామారావు రాయలుగా కనిపించినప్పుడు గాని జనమునకు నచ్చినది ఆ ధైర్యమే.

కాని ఎదుటివాడు ఎప్పుడూ గొప్పవాడే కాడు. రాయలకు కోపము వచ్చి రామలింగని మెడవరకు పాతిపెట్టి ఏనుగుచేత తొక్కింపుమన్న కథ ఒకటున్నది. ఆ దారిని ఒక గూని చాకలి పోవుచుండగా, గూని పోవుటకై తాను ఇట్లు పాతించుకొన్నానని నమ్మించి, వానిచేత మన్ను త్రవ్వించుకొని బయటపడి, వానిని అదే గుంటలో పాతి రామలింగడు ఇంటికి పోయినాడు. నేనీ కథను ఒకనాడు తరగతిలో చెప్పినాను. అందరూ నవ్వినారు. ఒక్క విద్యార్థి మాత్రము లేచి, ఏనుగు వచ్చిన తరువాత చాకలి ఏమైనాడని అడిగినాడు. ఆ పిల్లవాని కుటుంబ వృత్తి ఏదో నాకు తెలుసును. నేను తడుముకొని, కొందరు రాజు క్షమించినాడని చెబుతారని ఏదో సమాధానమిచ్చినాను. అది సమాధానము కాదని వానికీ తెలుసు, నాకూ తెలుసు. ఆనాటినుండి ఆ కథను నేను చెప్పడము మానుకొన్నాను. పేదవాని అమాయకత్వము మీద నడిచే నవ్వు ఎంత పాతదైనను నవ్వు కాదని నా అభిప్రాయము. ఆ కథను కల్పించినది రామకృష్ణ కవి కాదు గదా, ఆ భారము అతని నెత్తిన ఎందుకని కూడ అనుకొన్నాను.

మరి అతడు స్వయముగా నవ్వించిన నవ్వు ఎట్టిది? అందుకు సాక్ష్యము పాండురంగ మాహాత్మ్యములోనే ఉన్నది. అయిదు ఆశ్వాసముల ఆ ప్రబంధము పండరిపుర క్షేత్రమహిమను చెప్పేది. తల్లిదండ్రుల సేవలో ఉండి భగవంతునినే నిలువబెట్టిన పుండరీకుని కథ అందులో ఉన్నది. పూర్వకవులలో ఎవరి సొంపు ఏదో ఎంచి చెప్పిన ఒక చాటుపద్యములో ఇతని వంతుకు పదముల కూర్పు వచ్చినది. అది నిజమే, కొన్ని చోట్ల సమాసములు నోట పలుకుటకే సాధన కావలెను. అందువల్లనే విద్యార్థులు దానికి జంకుతారు. కాని నిగమశర్మ కథ వద్దకు వచ్చునప్పటికి ఆ కవి గొంతు మారిపోతుంది, ఇంటిలో మాట్లాడుకొనేవాని గొంతు అవుతుంది.

నిగమశర్మ సదాచారవంతుడైన విప్రుని కొడుకు. చదువుకొన్నవాడు, అందగాడు. చెడు తిరుగుళ్ళకు మరిగి, తండ్రి కూడబెట్టినదంతా తగులబెట్టినాడు. ముసలి తల్లిదండ్రులు నోరెత్తలేరు, పడుచు భార్య కంట నీరు పెట్టుట తప్ప ఎరుగదు. ఈ సంగతి విని అత్తవారింటినుండి అతని అక్క భర్తతో, పిల్లలతో కలిసి వచ్చినది. వచ్చిన అక్క తమ్ముని దూషించలేదు. స్నానము చేయించి, కడుపునిండ అన్నము పెట్టి, దగ్గర కూర్చుండబెట్టుకొని మెల్లగా చెప్పినది. అమ్మానాన్నల వార్ధక్యము, ఇంటి పరువు, కట్టుకొన్నదాని గతి ఒక్కొక్కటే ఎత్తి చెప్పినది. తమ్ముడు తలవంచుకొని విన్నాడు. కొన్నాళ్ళు బుద్ధిమంతునివలె ఇంటిపట్టున ఉన్నాడు. అందరూ నమ్మినారు. ఒక రాత్రి ఇంటిలోని సొమ్ములన్నీ మూటగట్టుకొని, అక్క నగలతో సహా తీసుకొని పారిపోయినాడు.

తెల్లవారినది. ఇల్లంతా ఏడ్పులు. ఇంతవరకు తమ్ముని కొరకై వచ్చి, తమ్ముని కొరకై తపించిన ఆ అక్క ఆ ఉదయము దేనికి ఏడ్చినది? మగడు క్రొత్తగా చేయించిన ముక్కరకు. ఇక్కడ పాఠకుని పెదవిపై నవ్వు వస్తుంది. వచ్చిన వెంటనే ఆ నవ్వు గొంతులో చిక్కుకొంటుంది. తమ్ముడు పోయినందుకు ఏడ్చే మాటలు ఆమె వద్ద అయిపోయినవి. రేపు అత్తవారింటికి ముక్కర లేని ముక్కుతో ఆమె పోవలెను, అక్కడ ఎవరికో జవాబు చెప్పుకోవలెను. కవి ఇదంతా వివరింపడు. ముక్కర అన్న ఒక్క వస్తువును మన ముందు పెట్టి ఊరకుంటాడు. ఆమెకు ఒక పేరైనా పెట్టలేదు. కథ పొడుగునా ఆమె నిగమశర్మ అక్కయే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఈ పేరులేని స్త్రీని గూర్చి ప్రత్యేకముగా ఒక వ్యాసము రచించినారు. మన ఆచార్యులు ఇంకను విద్యార్థులకు ఆ వ్యాసమునే చూపుతున్నారు.

పాలు కాలిన పిల్లిని చూచి నవ్వినప్పుడు మనము పిల్లికి దూరముగా నిలుస్తాము. ముక్కర కొరకు ఏడ్చే అక్కను చూచి నవ్వినప్పుడు ఆమె ప్రక్కనే కూర్చుంటాము. జనము రామలింగనికి అంటగట్టిన హాస్యములన్నిటికన్న అతడు వ్రాసిపెట్టిన ఈ హాస్యము మెత్తనిదని, లోతైనదని నా నమ్మకము. అట్లని జనము మీద నాకు ఫిర్యాదు లేదు. పిల్లి, గుఱ్ఱము, నువ్వుల కట్టెలు లేకపోయినట్లయితే, నాలుగైదు వందల సంవత్సరముల తరువాత నడిగడ్డలో చదువురాని ఒక ముస్లిం వృద్ధురాలి నోట ఆ పేరు ఉండేది కాదు. ఆమె చెప్పకపోతే నేను తెలుగు ఎం.ఏ. వైపు పోయేవాడనో, కానో.

అతని మరణమును గూర్చి కూడ కథయే మిగిలినది. పాముకాటున పోయినాడని చెబుతారు. ఎక్కడ దహనము చేసినారో చూపే రాయి ఏదీ లేదు. ముల్లా సమాధివలె తాళము వేసిన తలుపైనా లేదు.

మొదట చెప్పిన ఆ తరగతిలో, నవ్వు సద్దుమణిగిన తరువాత పాఠము మూడు దినములు నడిచినది. మూడవనాడు ముక్కర ఘట్టము ముగించి పుస్తకము మూసినాను. మగపిల్లలలో ఇద్దరు ముగ్గురు నవ్వినారు. ఆడపిల్లల వైపు నిశ్శబ్దముగా ఉన్నది. గంట మ్రోగిన తరువాత నాగర్‌కర్నూలు వైపునుండి బస్సులో వచ్చే ఒక అమ్మాయి నా బల్లవద్దకు వచ్చి, ఆ అక్క తిరిగి అత్తవారింటికి పోయినదా అని అడిగినది. కథ అక్కడినుండి నిగమశర్మ వెంట పోతుందని చెప్పినాను. ఆమె కొంచెముసేపు నిలబడి, తమ్ముని ఫీజు కొరకు తన అక్క ముక్కుపుడక తాకట్టులో ఉన్నదని, ఇంటిలో ఎవరికీ తెలియదని చెప్పి, బస్సు వేళయినదని వెళ్ళిపోయినది.